పాఠకుల ప్రశ్నలు: బెజవాడవాళ్ళం, ఇంతకీ ఎక్కడివాళ్ళం?

ప్రశ్న: మా అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. గదిలో నలుగురుంటారు. మిగతా ముగ్గురిలో ఒకరిది చెన్నై, ఒకరిది హైదరాబాదు, ఒకరిది మైసూరు. ఊళ్ళ ప్రస్తావన వస్తే ఒకరు సముద్రం, సంగీత సభలు అంటారట; ఒకరు చార్మినారు, బిర్యానీ అంటారట; మూడో అబ్బాయి ప్యాలెస్, దసరా అంటాడట. మావాడు మాత్రం "దుర్గ గుడి, పెద్ద జంక్షను" అని చెప్పి ఊరుకుంటున్నాడు. విజయవాడకు తనదైన గుర్తింపు లేదా? చుట్టుపక్కల రాష్ట్రాల నగరాలతో పోల్చుకుంటే మనం ఎక్కడ ఉన్నట్టు?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చెప్పిన రెండు మాటల్లో రెండోదాన్ని తక్కువ చేసి చూడకండి. ఎప్పుడైనా ఉదయం ఆరు గంటల ప్రాంతంలో మన స్టేషనుకు వెళ్ళండి. కొద్ది నిమిషాల తేడాతో పినాకిని చెన్నైకి, శాతవాహన సికింద్రాబాదుకు, రత్నాచల్ విశాఖపట్నానికి బయలుదేరుతాయి. మూడూ ఇక్కడ పుట్టిన బళ్ళే, రాత్రికి మూడూ ఇక్కడికే చేరుకుంటాయి. అయినా ఒకదానికి పెన్నానది పేరు పెట్టారు, ఒకదానికి రాజవంశం పేరు పెట్టారు, ఇంకొకదానికి అన్నవరం కొండ పేరు పెట్టారు. బెజవాడ పేరు మాత్రం ఒక్కదానికీ దక్కలేదు. కాలవలూ దారులూ కూడా ఇంతే. ఊళ్ళోంచి పారేవి ఏలూరు కాలవ, బందరు కాలవ. ఊరికి రెండు ప్రధాన వీధులు బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు. వాటికి మహాత్మాగాంధీ రోడ్డనీ కార్ల్ మార్క్స్ రోడ్డనీ అధికారిక నామకరణం జరిగి ఎంతో కాలమైంది గానీ, ఆ పేర్లు చెప్పి ఆటో ఎక్కితే "బందరు రోడ్డేనా అండీ?" అని అతను ఒకసారి రూఢి చేసుకుని గాని బండి తియ్యడు. సాయంత్రం బండి మీద తినే మైదా బజ్జీ పేరు మైసూరు బజ్జీ, ఉదయం పూరీలోకి వేసే శనగపిండి కూర పేరు బొంబాయి చట్నీ. ఆ మైసూరు బజ్జీని మీ అబ్బాయి గదిలోని మైసూరు కుర్రాడి ముందు పెడితే, ఇది మంగళూరు బజ్జీ కదా అంటాడు. వాళ్ళ మైసూరు బోండా మినప్పిండితో చేసేది.

ఒక ఊరు తన వీధులకూ కాలవలకూ చిరుతిళ్ళకూ ఇలా పొరుగూళ్ళ పేర్లు పెట్టుకోవడాన్ని నేను ఆ ఊరి లోటుగా చూడను, స్వభావంగా చూస్తాను. ఆ స్వభావం ఎలా వచ్చిందో తెలియాలంటే పొరుగు నగరాలు ఎలా పుట్టాయో చూడాలి. హైదరాబాదును 1591లో కుతుబ్‌షాహీ సుల్తాను రాజధానిగానే కట్టించాడు. మద్రాసు కుంఫిణీవారి (ఈస్టిండియా కంపెనీ) కోట చుట్టూ పెరిగింది. మైసూరుకు రాజులున్నారు. బెంగళూరుకు కెంపేగౌడ కోట, ఆ తరువాత ఇంగ్లీషు దండు కంటోన్మెంటు ఉన్నాయి. విశాఖపట్నానికి 1933లో ఓడరేవు వచ్చింది, దాని వెంట నౌకాదళమూ ఉక్కు కర్మాగారమూ వచ్చాయి. బెజవాడ విషయం వేరు. 1855 నాటికి కృష్ణ మీద ఆనకట్ట పూర్తయి కాలవలకు నీళ్ళు వదిలారు. 1889లో సికింద్రాబాదు నుంచి నిజాం రైలు మార్గం ఊరిదాకా వచ్చింది. తరువాతి పదేళ్ళలో కృష్ణ మీద వంతెన పడి, అటు మద్రాసు మార్గం, ఇటు వాల్తేరు (విశాఖపట్నం) మార్గం కలిశాయి. ఆనకట్ట డెల్టాను పండించింది, రైలు ఆ పంటను మోసింది, రెండూ కలిసేచోట ఒక పుణ్యక్షేత్రం నగరమైంది. పుణ్యక్షేత్రం ఎప్పటిదో, నగరం మాత్రం నూరూ నూటయాభై ఏళ్ళది.

హోదాల విషయానికి వస్తే, ఇంత పెద్ద నగరానికి ఇంత తక్కువ దక్కిన సందర్భం మన చుట్టుపక్కల ఇంకొకటి నాకు తోచదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలోనే మొదలై నాలుగేళ్ళలో వాల్తేరుకు తరలిపోయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు విజయవాడ ప్రాంతంలో రాజధాని పెట్టాలని గట్టిగా అడిగినవాళ్ళున్నా, అది కర్నూలుకు వెళ్ళింది, హైకోర్టు గుంటూరుకు వెళ్ళింది. 2015లో రాజధానికి శంకుస్థాపన జరిగింది నదికి అవతలి ఒడ్డున. 2011 జనాభా లెక్కల్లో పది లక్షలు దాటిన ఈ ఊరు జిల్లా కేంద్రమైనది 2022 ఏప్రిల్‌లో, ఎన్టీఆర్ జిల్లా ఏర్పడ్డాకనే. అప్పటిదాకా జిల్లా కేంద్రం బందరే (మచిలీపట్నం). సర్కారు కచేరీలూ కోటలూ లేని ఊళ్ళో మిగిలేది బజారు. వన్‌టౌనులో హోల్‌సేలు దుకాణాలు, ఆటోనగర్‌లో లారీలకు బాడీ కట్టే షెడ్లు, గాంధీనగర్‌లో సినిమా పంపిణీ ఆఫీసులు, ఏలూరు రోడ్డులో పుస్తక ప్రచురణ సంస్థలు: ఇవన్నీ సరుకును ఇంకో ఊరికి పంపించడానికి పెట్టినవే.

ఇక మనుషుల సంగతి. చెన్నైవాసిని మీదే ఊరని అడిగితే చెన్నై అంటాడు. పాతబస్తీ మనిషిని అడిగితే హైదరాబాదనే అంటాడు, పైగా ఏ మొహల్లానో కూడా చెబుతాడు. విజయవాడలో ముప్ఫై ఏళ్ళుగా సొంత ఇంట్లో ఉంటున్నవారిని అడిగి చూడండి: "ఉండేది విజయవాడేనండీ, మాది గుడివాడ పక్కన" అంటారు, లేదా తెనాలి దగ్గర, లేదా తిరువూరు, లేదా నూజివీడు. పండగకు ఊరెళ్ళేవాళ్ళు ఎక్కువ కాబట్టి సంక్రాంతి మూడు రోజులూ మన కాలనీలు బోసిపోతాయి. ఊరు ఇక్కడే ఉన్నా "మా ఊరు" అనే మాట వేరేచోట ఉంటుంది. మీ అబ్బాయి నోట ఊరి గురించి రెండు ముక్కలకు మించి రాకపోవడానికి ఇదొక కారణం కావచ్చు.

రెండో కారణం భాష. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగు మాండలికాలను నాలుగు మండలాలుగా విభజించినప్పుడు కృష్ణా, గుంటూరు, ఉభయగోదావరి జిల్లాలను మధ్య మండలంగా గుర్తించారు. ఆధునిక వ్యవహార భాషకు ఈ మండలంలోని చదువుకున్నవారి మాటే పునాది అయింది. 1948లో ఇక్కడ ఆకాశవాణి కేంద్రం వచ్చింది, 1952లో విశాలాంధ్ర, 1960లో ఆంధ్రజ్యోతి దినపత్రికలు ఇక్కడే మొదలయ్యాయి. అలా మన మాట పత్రికలకూ రేడియోకూ సినిమాకూ ఎక్కి అందరి మాటగా చలామణీ అయింది. అందులో మనకు రెండు నష్టాలు జరిగాయి. మొదటిది, అందరూ రాసే భాష కావడంతో అది ఒక ప్రాంతపు మాటన్న సంగతి మనకే గుర్తులేకుండా పోయింది. రెండోది, పొరుగువారికి మన మీద న్యాయమైన కోపం మిగిలింది. "మీది భాష, మాది యాసా?" అని తెలంగాణవారు అడిగినప్పుడు మనవైపు నుంచి సూటిగా జవాబిచ్చినవాళ్ళను నేను ఎక్కువమందిని చూడలేదు. చాలాకాలం సినిమాల్లో నాయకుడు మన మాట మాట్లాడితే, నవ్వించేవాడూ భయపెట్టేవాడూ తెలంగాణ మాటో, శ్రీకాకుళం మాటో, సీమ మాటో మాట్లాడేవారు. ఇది మనం చేసిన తప్పు కాదని తప్పించుకోవడం తేలిక. దాని లాభం మాత్రం మనమే అనుభవించాం.

అయితే ఇప్పుడు గాలి అటునుంచి ఇటు కూడా వీస్తోంది. మొన్న గవర్నరుపేటలో టిఫిను బండి దగ్గర నిలబడి వింటున్నాను. మనం వేరుశనగ గుళ్ళనే వాటిని కర్నూలు కుర్రాడు బుడ్డలన్నాడు, ఖమ్మం అమ్మాయి పల్లీలంది. బండాయన కొల్లేరు వైపువాడట. రేకు మీద ఆయన రాయించుకున్నది మాత్రం "పల్లీ చట్నీ" అనే. మా అమ్మ వేరుశనక్కాయ పచ్చడి అనేది. ఆ మాట ఆ బండి దగ్గర ఎవరి నోటా రాలేదు.

ప్రశ్న: టీవీలోనూ పత్రికల్లోనూ "విజయవాడ–గుంటూరు" అని ఒకే ఊపిరిలో చెబుతారు. మధ్య దూరం ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకే కావచ్చు గానీ, రెండూ ఒకటి ఎలా అవుతాయి? గుంటూరుకు వేరే గుర్తింపు లేదా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మాస్టారూ, మీతో ఏకీభవిస్తున్నాను. చిరునామా రాసే తీరులోనే తేడా తెలిసిపోతుంది. బ్రాడీపేటలో నాలుగో లైనూ పద్నాలుగో అడ్డరోడ్డూ కలిసేచోటును మీరు 4/14 అని రాస్తారు, అంతకుమించి ఒక్క అక్షరం అక్కర్లేదు. విజయవాడలో అదే పని చెయ్యాలంటే ఫలానా హాలు వెనక సందు, ఫలానా గుడి ఎదురు, కాలవగట్టు అని నాలుగు గుర్తులు చెప్పాలి.

చరిత్రలోనూ రెండు ఊళ్ళు వేర్వేరు దారుల్లో నడిచాయి. ఉత్తర సర్కారుల్లో (నాటి కోస్తా జిల్లాల్లో) తక్కినవి 1766 నాటి ఒప్పందంతో కుంఫిణీ చేతికి పోతే, గుంటూరు సర్కారు మాత్రం నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ కింద ఉండి, ఇరవైరెండేళ్ళ తరువాత, 1788లో గాని వారికి దక్కలేదు. తరువాత కొంతకాలం రెండు తీరాలూ కృష్ణా జిల్లాలో ఒకటిగా ఉండి, 1904లో గుంటూరు మళ్ళీ వేరు జిల్లా అయింది. నదికి దక్షిణాన తెనాలి, రేపల్లె వైపు డెల్టా వరిపొలాలే కనిపించినా, గుంటూరుకు ఊపిరి పోసింది పడమటి నల్లరేగడి భూములు: మిరప, పత్తి, పొగాకు. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఇప్పటికీ గుంటూరులోనే ఉంది. పల్నాడుకు సాగర్ కుడి కాలవ నీళ్ళు 1967 తరువాత గాని రాలేదు, కాబట్టి ఆ ప్రాంతపు మనిషికి కరువు జ్ఞాపకం ఎక్కువ. డెల్టా మనిషిలో ఒక నిశ్చింత, మెట్ట మనిషిలో ఒక తెగింపు ఉంటాయని పెద్దవాళ్ళు అంటుంటారు. నేను అంతదూరం వెళ్ళను గానీ, 1921–22లో పెదనందిపాడు రైతులు పన్నులు కట్టబోమని దొరతనాన్ని ఎదిరించింది మీ జిల్లాలోనే.

ప్రాంతీయ గుర్తింపు అన్నమాటకు తెలుగుదేశంలో ఒక రూపం వచ్చిందీ మీవైపే. తొలి ఆంధ్ర మహాసభ 1913లో బాపట్లలో జరిగింది, అది అప్పటి గుంటూరు జిల్లా. మరుసటి ఏడాది రెండో సభ బెజవాడలో జరిగింది. అంటే ఆలోచన మీ ఒడ్డున పుట్టి మా ఒడ్డుకు వచ్చింది. చదువులోనూ ముందు మీరే: ఆంధ్ర క్రైస్తవ కళాశాల 1885 నాటిది, వైద్య కళాశాల 1946 నాటిది. విజయవాడకు వైద్య కళాశాల 1980లో గాని రాలేదు. మా ఇంట్లో పెద్దవాళ్ళకు జబ్బు చేస్తే "గుంటూరు తీసుకెళ్ళండి" అనడం నా చిన్నతనంలో మామూలు మాట.

ఇక మిరప. మిర్చియార్డులో సీజనులో ఒక ఉదయం గడిపినవాడికి పొరుగు రాష్ట్రాలతో పోలిక ముక్కుకే తెలుస్తుంది. కర్ణాటకలోని హావేరి జిల్లా బ్యాడగి మిరపది రంగు. ముడతలు పడిన తోలు, చిక్కని ఎరుపు, కారం అంతంతమాత్రం. భౌగోళిక గుర్తింపు పొందిన గుంటూరు సన్నానిది కారం. బ్యాడగి రకాన్ని ఇప్పుడు మన రైతులూ పండించి మన యార్డుకే తెస్తున్నారు, తేజ రకాన్ని ఖమ్మం మార్కెట్లోనూ పెద్ద ఎత్తున అమ్ముతున్నారు. సరుకు సరిహద్దు దాటిపోతున్నా "గుంటూరు కారం" అన్న మాట మాత్రం ఊరిని వదల్లేదు. విజయవాడకు అలాంటి సరుకు ఒక్కటి చెప్పమంటే కొండపల్లి బొమ్మ చెప్పాలి, అదీ పక్క ఊరిదే.

ప్రశ్న: మాది మధిర. చదువు, ఉద్యోగం, పెళ్ళి అన్నీ విజయవాడలోనే. 2014 తరువాత ఇక్కడివాళ్ళు నన్ను తెలంగాణవాణ్ణంటారు, మా ఊరు వెళ్తే బెజవాడవాణ్ణంటారు. సరిహద్దు నిజంగా ఇంత పాతదా?
– ఒక పాఠకుడు, భవానీపురం, విజయవాడ

జవాబు: పాతదే, కానీ మీరు అనుకున్నంత గట్టిది కాదు. స్వాతంత్ర్యానికి ముందు అటువైపు నిజాం రాజ్యం, ఇటువైపు మద్రాసు ప్రెసిడెన్సీ. అటు హాలీ సిక్కా చెల్లేది, ఇటు కల్దార్ రూపాయి చెల్లేది. జగ్గయ్యపేట సంతకు వచ్చే మనిషికి రెండింటి మారకం లెక్క నోటికి వచ్చి ఉండాల్సిందే. అటు కచేరీ భాష ఉర్దూ, ఇటు ఇంగ్లీషు. అటు పటేలు, పట్వారీ. ఇటు మునసబు, కరణం. ఇవాళ మీ నాన్నగారి కాగితాల్లోనూ మీ మామగారి కాగితాల్లోనూ పొలాల లెక్క వేరుగా కనిపిస్తే కారణం అదే.

అయినా ఆ గీత మీద అటూ ఇటూ రాకపోకలు ఎప్పుడూ ఆగలేదు. మునగాల పరగణానే చూడండి: చుట్టూ నిజాం భూములున్నా అది కృష్ణా జిల్లాకు చెందిన జమీందారీ. అక్కడ దివానుగా ఉన్న కొమర్రాజు లక్ష్మణరావుగారు, అక్కడి రాజా నాయని వెంకట రంగారావుగారు, మరికొందరు పెద్దలతో కలిసి 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయాన్ని నెలకొల్పారు. నిజాం నగరంలో తెలుగు గ్రంథాలయానికి ఊతం కృష్ణా జిల్లా నుంచి వెళ్ళిందన్నమాట. 1947–48లో రజాకార్ల దాడులకు ఊళ్ళు వదిలినవాళ్ళు ఎందరో ఇటు కృష్ణా జిల్లాలో తలదాచుకున్నారు. సాగర్ ఎడమ కాలవ నల్లగొండ, ఖమ్మం పొలాలు తడిపి ఇవతలి తిరువూరు వైపుకూ వస్తుంది. విజయవాడ నుంచి సికింద్రాబాదు వెళ్ళే బండి మీ మధిర మీదుగానే పోతుంది.

సినిమా వ్యాపారులను అడిగితే ఇంకో విచిత్రం చెబుతారు. వాళ్ళ వసూళ్ళ లెక్కల్లో నేటికీ నైజాం, సీడెడ్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అనే ఏరియాలే ఉన్నాయి. నిజాం పాలన 1948లో ముగిసింది. నిజాం సీమ జిల్లాలను కుంఫిణీకి దత్తం చేసింది (ఇంగ్లీషులో సీడెడ్ అంటే అదే) 1800లో. ప్రభుత్వాలు ఎన్ని పటాలు మార్చినా గాంధీనగర్‌లో ఆ పాత పటమే నడుస్తోంది. అందులో మధిర నైజాంలోకి వస్తుంది, మీరుండే భవానీపురం కృష్ణాలోకి వస్తుంది. మిమ్మల్ని ఎవరేమని పిలిచినా, విజయవాడలో ఎక్కువమంది ఇంకో ఊరి నుంచి వచ్చినవాళ్ళేనని మొదటి జవాబులో రాశాను. ఆ లెక్కన మీరు ఇక్కడివారు కాకుండా పోవడానికి నాకు కారణం కనిపించలేదు.

ప్రశ్న: మా కోడలిది చెన్నై. దసరాకు బొమ్మల కొలువు పెడతానంటోంది. మన ఆచారం సంక్రాంతికి కదా?
– ఒక గృహిణి, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: తమిళనాడులోనూ కర్ణాటకలోనూ కొలువు నవరాత్రులకే. మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో సంక్రాంతికి పెట్టే ఇళ్ళే ఎక్కువ, దసరాకు పెట్టేవాళ్ళూ లేకపోలేదు. మన దగ్గర నవరాత్రులంటే ఇంట్లో కంటే కొండ మీదే సందడి ఎక్కువ: రోజుకొక అలంకారం, మూలా నక్షత్రం నాడు సరస్వతీ అలంకారానికి కిలోమీటర్ల క్యూ, విజయదశమి రాత్రి కృష్ణలో తెప్పోత్సవం. అదే సమయంలో తెలంగాణలో బతుకమ్మ ఆడతారు. మీ కోడలిని రెండుసార్లూ పెట్టనివ్వండి. కొండపల్లి బొమ్మలు తెల్లపొణికి కర్రతో చేసినవి కాబట్టి తేలిగ్గా ఉంటాయి, అటకమీద నుంచి ఏడాదికి రెండుసార్లు దించడం కష్టమేమీ కాదు. తడి మాత్రం తగలనివ్వకండి, అతికిన ముక్కలు ఊడి వస్తాయి.

ప్రశ్న: బెజవాడ అనడం మోటు అనీ, విజయవాడ అనాలనీ మా పిల్లల బడిలో చెప్పారట. నిజమేనా?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: మోటు కాదు. తెలుగు పద్యానికి దొరికిన తొలి ఆనవాళ్ళలో ఒకటైన, మధ్యాక్కర అనే ఛందస్సులో చెక్కిన యుద్ధమల్లుడి శాసనాన్ని సాహిత్య చరిత్రకారులు బెజవాడ శాసనమనే పిలుస్తారు. గాంధీగారు వచ్చిన 1921 నాటి అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాన్నీ చరిత్ర పుస్తకాలు బెజవాడ సమావేశమనే రాస్తాయి. పింగళి వెంకయ్యగారు తమ జెండా నమూనాను ఆయనకు అందించింది అప్పుడే. విజయవాడ అన్న పేరును అర్జునుడి తపస్సుకు ముడిపెట్టి స్థలపురాణం చెబుతుంది, అదీ గౌరవమైన పేరే. ఉత్తరంలో విజయవాడ అని రాసి, మాటల్లో బెజవాడ అనే అలవాటు ఈ ఊళ్ళో చాలామందికి ఉంది, నాకూ ఉంది. ఈసారి రైలు టిక్కెట్టు తీసుకున్నప్పుడు మీ పిల్లలకు స్టేషను కోడు చూపించండి: అక్కడ ఇప్పటికీ బి.జడ్.ఎ. అనే ఉంటుంది.